డిస్టార్షన్ లేకుండా నాయిస్ మిగులుతుందా? బ్యాండ్ ఆగాక ఒంటరిగా అకౌస్టిక్ వైపు

సన్నతీగ (బరంపురం)

అందరికీ నమస్కారం. మన ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల్లో గిటార్ పట్టుకున్న తెలుగువాళ్లు ఈ ఫోరమ్‌లో బాగానే ఉన్నారు కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. మా ముగ్గురి బ్యాండ్ ఆగిపోయింది. బేస్ వాయించే కుర్రాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాడు, డ్రమ్మర్‌కి పెళ్లయ్యాక సాయంత్రాలు కుదరడం లేదు, మేం ప్రాక్టీస్ చేసుకునే గోడౌన్‌లో ఇప్పుడు ఎరువుల బస్తాలు ఉన్నాయి. కాలేజీ రోజుల నుంచి నేను వాయించింది నాయిస్ రాకే. రెండు డిస్టార్షన్ పెడల్స్ (గిటార్ శబ్దాన్ని చీల్చి గరగరలాడించే, కాలితో నొక్కే పెట్టెలు) కలిపి వేయడం, పాట మధ్యలో గిటార్‌ని ఆంప్‌కి, అంటే ఆంప్లిఫయర్‌కి, ఎదురుగా పెట్టి అది అరిచినంతసేపు అరవనివ్వడం, డ్రమ్స్ మీద ఆ గోల అలా పెరిగి పెరిగి ఒక్కసారిగా ఆగిపోవడం, నాకు తెలిసిన సంగీతం అదే. ఇప్పుడు ఇంట్లో ఒక అకౌస్టిక్ గిటార్ ఉంది, నేనున్నాను, అంతే.

వాయించడం నాకు ఇష్టంగానే ఉంది. బాధ వేరే చోట ఉంది. ఇంట్లోవాళ్లు, చుట్టాలు, చివరికి పాత స్నేహితులు కూడా "హమ్మయ్య, ఇప్పటికి అసలు సంగీతంలోకి వచ్చావురా" అంటున్నారు. అంటే ఇన్నాళ్లూ చేసింది కుర్రతనం, ఇప్పుడు బుద్ధి వచ్చింది అని. నాకు అలా లేదు. ఆ గోలలో నేను చెప్పింది నిజమే, ఇప్పుడు ఈ చెక్క పెట్టెతో చెప్పాలనుకుంటున్నదీ అదే. కానీ వాయిస్తుంటే మాత్రం చేతికి తెలియకుండానే మెత్తగా, అందంగా, ఎవరికీ ఇబ్బంది లేకుండా అయిపోతోంది. ఈ దారిలో ముందు వెళ్లినవాళ్లు ఎవరు, వాళ్లు దేన్ని వదిలారు, దేన్ని పట్టుకున్నారు? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత_క్యాసెట్ (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)

తమ్ముడూ, ఈ దారి పాతదే, చాలామంది నడిచారు. అందరికీ తెలిసిన పేరు థర్‌స్టన్ మూర్. ఆయన బ్యాండ్ సోనిక్ యూత్ 1981లో న్యూయార్క్‌లో మొదలై 2011లో ఆగింది. ఆయన 2007లో "ట్రీస్ అవుట్‌సైడ్ ది అకాడమీ" అని ఒక సోలో ఆల్బమ్ చేశాడు, అందులో చాలావరకు అకౌస్టిక్ గిటారే, పక్కన వయొలిన్. తరువాత 2011లో "డిమాలిష్డ్ థాట్స్", దాన్ని బెక్ ప్రొడ్యూస్ చేశాడు, అందులో హార్ప్ కూడా ఉంది. డిస్టార్షన్ దాదాపు లేదు. అదే బ్యాండ్‌లో రెండో గిటార్ లీ రనాల్డో కూడా 2014లో "అకౌస్టిక్ డస్ట్" అని పాత పాటల్నే కరెంటు లేకుండా వాయించి రికార్డు చేశాడు, బార్సెలోనాలో.

ఇంకా వెనక్కి వెళ్తే బాబ్ మౌల్డ్. ఆయన బ్యాండ్ హుస్కర్ డూ అంటే ఎంత వేగం, ఎంత గోల! 1988లో అది విడిపోయింది, 1989లో "వర్క్‌బుక్" వచ్చింది, మొదటి ట్రాకే అకౌస్టిక్ గిటార్ ఒక్కటే, తరువాత చాలా పాటల్లో చెల్లో. ఆ క్యాసెట్ నా దగ్గరికి చేరేసరికి రిబ్బన్ సాగిపోయి ఉంది, అయినా వదల్లేదు.

నువ్వు అడిగిన అసలు ప్రశ్నకి నా జవాబు: మూర్ వదిలింది డిస్టార్షన్‌ని. ట్యూనింగ్‌ని వదల్లేదు. సోనిక్ యూత్‌లో గిటార్లన్నీ మామూలు ట్యూనింగ్‌లో ఉండేవి కావు, రెండేసి తీగల్ని ఒకే స్వరానికి పెట్టేవాళ్లు, ఒక్కో పాటకి ఒక్కో గిటార్. 1999 జూలైలో కాలిఫోర్నియాలో వాళ్ల వాహనం దొంగలు ఎత్తుకుపోతే ఆ గిటార్లతో పాటు ఆ పాటలు కూడా కొన్నాళ్లు వాయించలేకపోయారంటే, ఆ సంగీతం ఎంతగా తీగ బిగింపులో ఉందో చూడు. ట్యూనింగ్‌కి కరెంటు అక్కర్లేదు కదా.

మగ్గంమోత (సోలాపూర్)

మూర్ సంగతి సరే అన్నా, కానీ ఈ ప్రశ్నకి అసలైన మనిషి బిల్ ఓర్కట్. మయామీలో హ్యారీ పుస్సీ అని ఒక బ్యాండ్ ఉండేది, 1992 నుంచి 1997 వరకు. నిమిషం, రెండు నిమిషాల పాటలు, గిటార్, డ్రమ్స్, కేకలు. తరువాత ఆయన శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పడ్డాడు, పదేళ్లకు పైగా సంగీతం వైపు పెద్దగా రాలేదు. 2009లో హఠాత్తుగా ఒంటరి అకౌస్టిక్ రికార్డు బయటికి తెచ్చాడు, సొంత లేబుల్ మీద. కే (Kay) అనే కంపెనీ పాత గిటార్, అందులో ఆరు తీగలు కాదు, నాలుగే. ఐదో తీగ, నాలుగో తీగ తీసేశాడు, అంటే ఎ, డి లేవు. మధ్యలో ఖాళీ. ఇంట్లో రికార్డు చేశాడు, బయట బళ్లు వెళ్తున్న చప్పుడు వినిపిస్తుంది, వాయిస్తూ తనలో తాను మూలుగుతుంటాడు, అదీ వినిపిస్తుంది.

సన్నతీగ భాయ్, అది విన్నాక "మెత్తబడ్డాడు" అని ఎవరూ అనలేరు. తీగ తెగిపోతుందేమో అన్నంత గట్టిగా లాగుతాడు, వెంటనే వదిలేస్తాడు, మళ్లీ దూకుతాడు. బ్యాండ్‌లో ఆంప్ చేసిన పని ఇక్కడ వేళ్లు చేస్తున్నాయి. నాకైతే ఈ రికార్డు బ్యాండ్ కంటే ఎక్కువ భయపెట్టింది, ఎందుకంటే దాక్కోవడానికి ఏమీ లేదు.

మా సోలాపూర్ తూర్పు వైపు పేటల్లో పుట్టినవాళ్లకి మోత కొత్త కాదు. మా పద్మశాలీల ఇళ్లు చాలావాటిలో మరమగ్గం కింద, కాపురం పైన. పొద్దున లేస్తే నేల అదురుతూ ఉంటుంది. నాకు నాయిస్ రాక్ మొదటిసారి విన్నప్పుడు ఇంటికి వచ్చినట్టే అనిపించింది. ఆ మోతలో ఉన్నది వాల్యూమ్ ఒక్కటే కాదు, ఆగకుండా తిరిగి తిరిగి వచ్చే దెబ్బ. ఆ దెబ్బని అకౌస్టిక్ మీద బొటనవేలితో పట్టుకోవచ్చు. నేను రోజూ చేసేది అదే.

జైపూర్_డ్రమ్మర్ (జయపురం, కోరాపుట్ జిల్లా)

మీరంతా చెప్పేది వింటున్నాను, కానీ నేను ఒప్పుకోను. నాయిస్ రాక్ చెవులతో వినేది మాత్రమే కాదు. కిక్ డ్రమ్, బేస్ ఆంప్, గిటార్ మూడూ కలిసి ఛాతీ మీద పడతాయి, ప్యాంటు గుడ్డ కదులుతుంది, పక్కవాడు మాట్లాడేది వినబడదు కాబట్టి గదిలో అందరూ ఒక్కటే వింటారు. అది శరీరానికి సంబంధించిన విషయం. చెక్క గిటార్ పట్టుకుని కుర్చీలో కూర్చుంటే ఎంత గట్టిగా లాగినా అది ఇంకొకటి. మంచిదే కావచ్చు, కానీ ఇంకొకటి. "నాయిస్ చేతిలోకి వచ్చింది" లాంటి మాటలు చెప్పుకుని రెండూ ఒకటే అనుకోవద్దు.

ఇంకో మాట. గిటారిస్ట్ సోలో వైపు వెళ్తే అందరూ ఆయన ప్రయాణం గురించి రాస్తారు. డ్రమ్మర్ గురించి ఎవరూ అడగరు. మా బ్యాండ్ గిటారిస్ట్ కూడా ఇలాగే అకౌస్టిక్‌కి వెళ్లాడు, బాగా వాయిస్తున్నాడు, నాకు సంతోషమే. నా డ్రమ్ సెట్ మాత్రం మేడ మీద దుప్పటి కింద ఉంది. అపార్ట్‌మెంట్‌లో డ్రమ్స్ వాయించనివ్వరు. గిటార్‌కి సోలో అనే దారి ఉంది, నాకు లేదు. బాధగానే ఉంది, అందుకే రాస్తున్నాను.

సన్నతీగ (బరంపురం)

జైపూర్ అన్నా, మీ మాట నాకు బాగా తగిలింది. మా డ్రమ్మర్ కూడా ఇదే అనుకుంటున్నాడేమో, నేను అడగనే లేదు. రేపు ఫోన్ చేస్తాను.

మగ్గంమోత (సోలాపూర్)

జైపూర్ అన్నా, శరీరం సంగతి ఒప్పుకుంటాను. ఒక్క విషయం చేర్చనివ్వండి. ఓర్కట్ అక్కడే ఆగిపోలేదు. కొన్నేళ్ల తరువాత మళ్లీ ఎలక్ట్రిక్ పట్టుకున్నాడు, 2017లో ఎలక్ట్రిక్ సోలో రికార్డు తెచ్చాడు, క్రిస్ కోర్సానో అనే డ్రమ్మర్‌తో జంటగా వాయించాడు, 2018లో, 2021లో ఆల్బమ్‌లు వచ్చాయి. ఆ రెండోదానిలో గిటార్ ఎంత పాడుతుందో, డ్రమ్స్ దాని చుట్టూ ఎంత స్వేచ్ఛగా తిరుగుతాయో విని చూడండి. అకౌస్టిక్‌లో అన్నేళ్లు వాయించకపోతే ఆ గిటార్ అలా పాడేది కాదని నా నమ్మకం. డ్రమ్మర్‌కి చోటు మళ్లీ వస్తుంది.

గజపతి_రేడియో (పర్లాకిమిడి)

స్వాన్స్ బ్యాండ్ మైకేల్ గిరా పేరు ఇంకా రాలేదేమిటి? జైపూర్ గారు చెప్పిన ఆ ఛాతీ మీద పడే శబ్దానికి ఆయన్ని మించినవాళ్లు తక్కువ. 1982లో న్యూయార్క్‌లో మొదలుపెట్టాడు, తొలి రికార్డులు వింటే పెద్ద సుత్తితో నెమ్మదిగా కొట్టినట్టు ఉంటాయి. 1987లో "చిల్డ్రన్ ఆఫ్ గాడ్" వచ్చేసరికే అందులో అకౌస్టిక్ గిటార్ పాటలు, జార్బో అనే గాయని గొంతు చేరాయి, అంటే బ్యాండ్ ఉండగానే మార్పు లోపల మొదలైంది. 1997లో స్వాన్స్ ఆపేశాడు. తరువాత ఏంజెల్స్ ఆఫ్ లైట్ అని ఎక్కువగా అకౌస్టిక్ వాయిద్యాలతో పాటలు, మధ్యలో ఒక్కడే గిటార్ పట్టుకుని కచేరీలు. 2010లో స్వాన్స్‌ని మళ్లీ మొదలుపెట్టాలనుకున్నప్పుడు డబ్బు ఎలా తెచ్చాడో తెలుసా? కొత్త పాటల్ని ఇంట్లో ఒంటరిగా అకౌస్టిక్ గిటార్ మీద పాడి రికార్డు చేసి, ఆ డిస్కులకి చేత్తో అట్టలు చేసి వెయ్యి కాపీలు అమ్మాడు. ఆ డబ్బుతో పెద్ద ఆల్బమ్ తయారైంది. అవే పాటలు, ఒకచోట గదిలో ఒక మనిషి, ఇంకోచోట ఆరుగురు కలిసి కొండంత శబ్దం.

నాకు దీన్నిబట్టి అర్థమైంది ఏమిటంటే, ఆయనకి అకౌస్టిక్ అంటే రిటైర్మెంట్ కాదు. పాట పుట్టే చోటు. ఆయన గొంతులో ఉన్న బరువు, ఒకే తీగని అదే పనిగా కొట్టడం, ఒకే మాటని తిప్పి తిప్పి అనడం రెండు చోట్లా ఉన్నాయి. చుట్టాల మాట పట్టించుకోకు తమ్ముడూ. వాళ్లకి వాల్యూమ్ తగ్గడం ఒక్కటే కనబడుతుంది.

మన దగ్గర కరెంటు కూడా ఒక కారణమే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా గజపతి జిల్లాలో చెట్లు, స్తంభాలు పడిపోయి రోజుల తరబడి చీకటి. అప్పటిదాకా ఎలక్ట్రిక్ తప్ప ముట్టుకోని మా గుంపు మొత్తం వరండాలో ఒకే అకౌస్టిక్‌ని చేతులు మార్చుకుంటూ వాయించింది. అక్కడే నాకు తెలిసింది, మా పాటల్లో కొన్నిటికి ఆంప్ లేకపోతే ఏమీ లేదు, కొన్నిటికి అన్నీ ఉన్నాయి.

రాయగడ_వీణ (రాయగడ)

నేను వీణ నేర్చుకున్న మనిషిని, నాయిస్ రాక్ మా తమ్ముడి గదిలోంచి వినీ వినీ అలవాటైంది, తరువాత ఇష్టమైంది. ఒక విషయం ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. అకౌస్టిక్ అంటే శుభ్రమైన శబ్దం అని మీరంతా ఎందుకు అనుకుంటున్నారు? తంబురా చూడండి. బ్రిడ్జి మీద తీగ కింద చిన్న దారప్పోగు పెడతాం, జీవా అంటాం. అది సరైన చోట ఉంటేనే ఆ జుమ్మనే మోత వస్తుంది, తీసేస్తే తీగ టింగుమని ఆగిపోతుంది. ఆ మోత కోసమే అంత తంటాలు. పైగా నాలుగు తీగల్లో మధ్య రెండూ ఒకే షడ్జం. వాటిని పూర్తిగా కలిపేస్తే ఒక రకం, వెంట్రుకవాసి తేడా ఉంచితే అల అలగా ఊగుతూ ఉంటుంది. పాత_క్యాసెట్ గారు సోనిక్ యూత్ ట్యూనింగ్ గురించి చెప్పినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఇదే.

మా రైలు దారిలోనే ఉన్న బొబ్బిలిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారు. ఆ వీణ మంద్రంలో తీగ మెట్టుకి తగిలీ తగలకుండా చేసే గరగర కూడా సంగీతంలో భాగమే, మా గురువుగారు దాన్ని దాచమని ఎప్పుడూ అనలేదు.

ఇంకా ఉత్తరాంధ్రలో జముకులవాళ్లు ఉన్నారు కదా. చంకలో డోలు పెట్టుకుని, దాని చర్మానికి కట్టిన తంతిని మీటుతూ, చెయ్యి బిగించి వదులుతూ ఉంటే ఆ శబ్దం పైకి కిందికి సాగుతుంది. ఎల్లమ్మ కథ చెప్పే రాత్రి అది ఊరి చివరిదాకా వినబడుతుంది. ఆంప్ లేదు, పెడల్ లేదు. జైపూర్ తమ్ముడూ, నీ శరీరం మాట నిజమే కానీ శరీరాన్ని కదిలించడానికి కరెంటే కావాలని లేదు.

ప్రాణహిత_గట్టు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

అక్క చెప్పినదానికి తోడు మా వైపుది ఒకటి. గోండుల దగ్గర ప్రధాన్‌లు కిక్రీ వాయిస్తారు, ఇటు చంద్రపూర్, గడ్చిరోలి వైపూ ఉన్నారు, అటు ఆదిలాబాద్ వైపూ ఉన్నారు. మూడు తీగలు, కమానుతో లాగుతారు. గీరుకుపోయే శబ్దం, దాని పక్కన కథ చెప్పే గొంతు. చిన్నప్పుడు జాతరలో విన్నాను, దూరం నుంచి. ఆ గీరుకునే శబ్దాన్ని ఎవరూ సరిచేయాలనుకోరు, దేవుడి కథ దానిలోనే నడుస్తుంది. నాకు ఫీడ్‌బ్యాక్ (ఆంప్ ఎదురుగా పెడితే గిటార్ అరిచే అరుపు) మొదటిసారి విన్నప్పుడు అదే గుర్తొచ్చింది.

కాకపోతే ఒక జాగ్రత్త. మనం అవి విని ప్రేరణ పొందొచ్చు, కానీ వాళ్లకి అది కులవృత్తి, దైవకార్యం. దాని ముక్క ఒకటి రికార్డు చేసి మన పాట మీద అతికించడం నాకు నచ్చదు. వాయించేవాళ్లని కలిసి, అడిగి, డబ్బు ఇచ్చి, పేరు వేసి చేస్తే వేరే సంగతి.

జైపూర్_డ్రమ్మర్ (జయపురం)

రాయగడ అక్కా, జముకు మాటకి నా దగ్గర జవాబు లేదు. మా వైపు ఢెంసా ఆటలో డప్పులు, మొహురి (సన్నాయి లాంటిది) కలిసి మోగితే నిలబడ్డ మనిషి నిలబడినట్టు ఉండడు, అదీ కరెంటు లేనిదే. అయితే అది కూడా గుంపు సంగీతమే అక్కా. పదిమంది చేతులు పట్టుకుని ఆడితేనే. ఒంటరిగా కూర్చున్న గిటారిస్ట్‌కి ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది? నా అనుమానం అక్కడే ఉంది.

ఆడియో_బల్లార్షా (బల్లార్షా)

నేను వినికిడి పరీక్షలు చేసే ఉద్యోగంలో ఉన్నాను, చర్చ మధ్యలోకి వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. శరీరం గురించి మాట్లాడుతున్నారు కాబట్టి చెవి గురించి కూడా చెప్పాలి. అమెరికాలో వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే టైమ్ సగం. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, అలా వెళ్తే 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలు. చిన్న గదిలో డ్రమ్స్, రెండు ఆంప్‌లు పెట్టి ప్రాక్టీస్ చేస్తే 100 దాటడం చాలా తేలిక. లోపలి చెవిలో ఉండే వెంట్రుక కణాలు ఒకసారి చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ రావు. చెవిలో గుయ్‌మనే శబ్దం రాత్రి పడుకున్నా ఆగకపోతే ఎంత టెన్షన్‌గా ఉంటుందో అది ఉన్నవాళ్లకే తెలుసు, వాళ్లలో పాతికేళ్ల కుర్రవాళ్లు కూడా నా దగ్గరికి వస్తారు. మగ్గంమోత గారూ, మరమగ్గాల షెడ్లలో పనిచేసేవాళ్ల సంగతి కూడా ఇదే, దయచేసి ఇంట్లో పెద్దవాళ్లకి ఒకసారి పరీక్ష చేయించండి.

చాలామంది గోల సంగీతం నుంచి అకౌస్టిక్‌కి రావడంలో ఇది కూడా ఒక కారణం, చెప్పుకోరు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మళ్లీ బ్యాండ్ మొదలుపెడితే ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. మై బ్లడీ వాలెంటైన్ కచేరీల్లో గుమ్మం దగ్గరే వినేవాళ్లకి ఇయర్‌ప్లగ్స్ పంచారు, అంత గోల ఇష్టపడే బ్యాండే ఆ పని చేసింది.

మగ్గంమోత (సోలాపూర్)

చేయిస్తాను సార్. మా నాన్నకి టీవీ పక్కింటికి వినబడేంత పెడితే గానీ వినబడదు. ఇన్నాళ్లూ వయసు అనుకున్నాం.

సన్నతీగ (బరంపురం)

ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు. అందరికీ పేరుపేరునా థాంక్స్. నిన్న రాత్రి ఓర్కట్ రికార్డు పూర్తిగా విన్నాను, రెండుసార్లు. ఇప్పుడు అసలు పనికి సంబంధించిన ప్రశ్నలు. డిస్టార్షన్‌లో నోటు ఎంతసేపైనా నిలబడుతుంది, ఇక్కడ మూడు నాలుగు సెకన్లలో చచ్చిపోతోంది. ఆ ఖాళీని చూస్తే భయం వేసి ఇంకో నోటు, ఇంకో నోటు వేసేస్తున్నాను, అందుకే అంతా అందమైన ఆర్పెజియో (స్వరాల్ని ఒక్కొక్కటిగా మీటే వరస) అయిపోతోంది. రెండు, గట్టిగా వాయిస్తే తీగ ఫ్రెట్‌లకి (గిటార్ మెట్లకి) కొట్టుకుని చిరాకు శబ్దం వస్తోంది. మూడు, ఫోన్‌లో రికార్డు చేస్తే మెల్లగా వాయించినదీ గట్టిగా వాయించినదీ ఒకేలా వస్తున్నాయి.

పాత_క్యాసెట్ (ధర్మాబాద్)

ఒకటొకటిగా చెప్తాను. ఓవర్‌డ్రైవ్ అయిన, అంటే శబ్దం చీలేదాకా పెంచిన, ఆంప్ నిజానికి చేసేది నొక్కేయడం. మెల్లటి దెబ్బని పైకి లేపుతుంది, గట్టి దెబ్బ నెత్తిని కోసేస్తుంది. అందుకే అక్కడ నీ చేతి తేడాలు సగం కనబడవు. అకౌస్టిక్‌లో ఆ తేడాలన్నీ బయటపడతాయి, అదే నీ కొత్త వాల్యూమ్ నాబ్. పాట మొత్తం వేలి కండతో మెల్లగా వాయించి ఒక్క చోట, ఒక్కసారే, పిక్‌తో నీ బలమంతా వేసి చూడు. ఆ ఒక్క దెబ్బ పక్కన మార్షల్ ఆంప్ కూడా చిన్నదే, ఎందుకంటే దాని ముందు నిశ్శబ్దం ఉంది. ఖాళీని నింపకు. నోటు చచ్చిపోనీ, పూర్తిగా చచ్చేదాకా ఆగు, తరువాతే ఇంకోటి.

నిలబడే మోత కావాలంటే రెండు దారులు. ఒకే తీగ మీద పిక్‌ని చాలా వేగంగా కిందికి పైకి ఆడించడం, మూర్ ఎలక్ట్రిక్ మీద చేసేదే. లేదా ఈ-బో అని చేతిలో పట్టే చిన్న పరికరం ఉంది, అయస్కాంతంతో స్టీల్ తీగని కదిలిస్తూనే ఉంటుంది, అకౌస్టిక్ స్టీల్ తీగల మీద కూడా పనిచేస్తుంది. నైలాన్ మీద పనిచేయదు.

తీగ ఫ్రెట్‌లకి కొట్టుకోవడం: ముందు ఏ తీగలు వేశావో చెప్పు. ఎలక్ట్రిక్ అలవాటుతో పల్చటివి వేసి ఉంటావు. కనీసం 12-53 సెట్ వేసుకో (అంటే సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). కింది ట్యూనింగ్‌లు వాడితే 13-56. అయితే ఆరూ కలిపి గిటార్ మెడ మీద 70 కిలోల పైన లాగుతాయి, పాత చవక గిటార్ అయితే బ్రిడ్జి లేస్తుందేమో గమనిస్తూ ఉండు. మీ పక్కనున్న గోపాల్‌పూర్ సముద్రపు గాలి తేమకి చెక్క ఉబ్బి తీగలు ఎత్తు మారుతూ ఉంటాయి, వానాకాలంలో కేసులో సిలికా జెల్ సంచులు వేసి ఉంచు.

ఫోన్ సంగతి: దానిలో శబ్దాన్ని తనంతట తనే సర్దే ఏర్పాటు ఉంటుంది, మెల్లటిదాన్ని పెంచి గట్టిదాన్ని తగ్గిస్తుంది. ఆటో లెవెల్‌ని ఆపేసే రికార్డింగ్ యాప్ వాడు. ఫోన్‌ని గిటార్ రంధ్రానికి ఎదురుగా పెట్టకు, మెడ శరీరాన్ని కలిసే చోటికి ఎదురుగా ఒక అడుగు దూరంలో పెట్టు.

గజపతి_రేడియో (పర్లాకిమిడి)

స్టేజి మీద వాయించేటప్పుడు ఇంకో గొడవ ఉంది. అకౌస్టిక్ పెట్టెలో గాలి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర తనంతట తనే మోగుతుంది, మానిటర్ స్పీకర్ దగ్గర ఉంటే ఊ అంటూ ఫీడ్‌బ్యాక్ మొదలవుతుంది. అందరూ రంధ్రానికి రబ్బరు మూత పెట్టి, ఆ ఫ్రీక్వెన్సీ తగ్గించి దాన్ని ఆపుతారు. నువ్వు నాయిస్ నుంచి వచ్చినవాడివి, దాన్ని ఆపకపోయినా ఫరవాలేదు. మూత పెట్టుకుని వాయిస్తూ, కావలసిన చోట తీసి స్పీకర్ వైపు తిరిగితే ఆ మంద్రం వస్తుంది, అరచేత్తో రంధ్రం మూస్తే ఆగుతుంది. నేను ఒక కాలేజీ ఫంక్షన్‌లో చేశాను. సౌండ్ ఆపరేటర్‌కి మాత్రం ముందే చెప్పుకో, లేకపోతే పాపం ఆయన కంగారుపడి ఫేడర్ లాగేస్తాడు.

రాయగడ_వీణ (రాయగడ)

తీగ కొట్టుకునే శబ్దాన్ని చిరాకు అన్నావు తమ్ముడూ. ఎక్కడ వస్తే చిరాకు, ఎక్కడ వస్తే కావాలి అన్నది నువ్వు తేల్చుకో. కింది రెండు తీగల కింద, శాడిల్‌కి (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీకి) ఆనుకుని, దారప్పోగు జరిపి చూడు. అంగుళంలో పదో వంతు అటూ ఇటూ అయినా మారిపోతుంది, ఓపికగా వెతకాలి. దొరికిన చోట తీగ ఎక్కువసేపు మోగుతున్నట్టు వినిపిస్తుంది, పై స్వరాలు ఒక్కొక్కటిగా విచ్చుకుంటాయి. ట్యూనింగ్‌కి తంబురానే తీసుకో, పంచమం, షడ్జాలు, కింద మంద్ర షడ్జం. మధ్య రెండిట్లో ఒకదాన్ని కొద్దిగా కిందికి దించు. 110 హెర్ట్జ్ ఒకటి, 109 ఒకటి అయితే సెకనుకి ఒకసారి అల వస్తుంది. ఇంకా దించితే అల వేగం పెరుగుతుంది. మీరు చెప్పే ఆ గోల మొత్తం అక్కడ చిన్నగా ఉంటుంది.

పాడతావా? ఏ భాషలో?

సన్నతీగ (బరంపురం)

బ్యాండ్‌లో ఇంగ్లిష్‌లో అరిచేవాణ్ని అక్కా, మాటలు ఎవరికీ వినబడేవి కావు కాబట్టి ఏదైనా సరిపోయేది. ఇప్పుడు ప్రతి మాటా వినబడుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, చదివింది ఒడియా మీడియం. తెలుగు రాయడం మా అమ్మ నేర్పింది. పాడితే తెలుగులోనే వస్తోంది, అందులో మా బజారు ఒడియా కలిసిపోతోంది. అలాగే ఉంచుతాను. మా అమ్మ వింటుంది, ఆమెకి ప్రతి మాటా అర్థమవుతుంది, ఆ ఆలోచనకే గొంతు వణుకుతోంది. ఆంప్ ముందు నిలబడి ఎప్పుడూ ఇంత భయపడలేదు.

ప్రాణహిత_గట్టు (సిరొంచ)

మా ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో గోండి. నువ్వు అలా పాడితే నేను వింటాను తమ్ముడూ. కలిసిపోయిన భాషని కడిగి శుభ్రం చేయకు.

జైపూర్_డ్రమ్మర్ (జయపురం)

నా మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు, బ్యాండ్ శబ్దం వేరు, అది పోయినందుకు బాధపడటం సబబే. కానీ సన్నతీగా, పైన నువ్వు రాసిన భయం ఉంది చూశావా, అమ్మకి ప్రతి మాటా అర్థమవుతుందన్న భయం, అది వాయింపులోకి వస్తే నేను ముందు వరసలో కూర్చుంటాను. నువ్వు ఎక్కడ వాయిస్తావో చెప్పు. ఇంకోటి, మీ డ్రమ్మర్‌కి ఫోన్ చేశావా?

సన్నతీగ (బరంపురం)

చేశాను అన్నా. చాలాసేపు మాట్లాడాడు. సోలో చేయమన్నాడు, కానీ ఒక పాటలో తనకి చోటు ఉంచమన్నాడు, డ్రమ్ సెట్ లేకపోయినా బ్రష్‌లు, ఒక్క స్నేర్ చాలట. ఆరు పాటలు అనుకుంటున్నాను, ఐదు నేనొక్కడినే, ఒకటి ఇద్దరం. కొత్త తీగల కోసం వెతికితే 13-56 ఇక్కడ షాపుల్లో దొరకలేదు, ఆన్‌లైన్‌లో వారం అంటున్నారు.

రాయగడ_వీణ (రాయగడ)

మా తమ్ముడి దగ్గర విప్పని సెట్ ఒకటి ఉంది, వాడు ఎలక్ట్రిక్‌కి మారాక ముట్టుకోలేదు. నేను గురువారం హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో బరంపురం వస్తున్నాను, చెల్లెలి ఇంటికి. స్టేషన్‌కి వచ్చి తీసుకో. జీవా పోగులు కూడా నాలుగు పట్టుకొస్తాను, మామూలు కుట్టు దారం అయితే త్వరగా నలిగిపోతుంది.

సన్నతీగ (బరంపురం)

వస్తాను అక్కా. గిటార్ కూడా తీసుకొస్తాను, పోగు ఎక్కడ పెట్టాలో అక్కడే ఒకసారి చూపించండి.